ట్రాయ్‌కి వెళ్లిన లక్షల ఉత్తరాల్లో పనిచేసినవి ఏవి?

2015 మార్చి 27న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ఓటీటీ సేవలపై (ఇంటర్నెట్ మీదుగా నడిచే కాల్, మెసేజ్, వీడియో యాప్‌లపై) 118 పేజీల సంప్రదింపు పత్రం విడుదల చేసింది. చివర 20 ప్రశ్నలున్నాయి. గడువు ముగిసేలోపు 10 లక్షలకు పైగా ఈమెయిళ్లు వచ్చి పడ్డాయి. అదే ఏడాది డిసెంబర్ 9న, డేటా ధరల్లో తేడాలు చూపవచ్చా లేదా అన్న విషయంపై ఇంకో పత్రం వచ్చింది. ఈసారి ప్రశ్నలు నాలుగే, స్పందనలు మాత్రం 24 లక్షల దాకా. ఈ రెండు అంకెలూ చూపించి, నెట్ న్యూట్రాలిటీ (అన్ని సైట్లనూ, యాప్‌లనూ ధరలోనూ వేగంలోనూ ఒకేలా చూడాలన్న సూత్రం) పోరులో ‘జనం గెలిచారు’ అని రాయడం అలవాటైపోయింది. గెలిచిన మాట నిజమే. అయితే రెండో విడతలో ఎక్కువ ఉత్తరాలు పంపింది ఓడిపోయిన ఫేస్‌బుక్ పక్షం. ఈ సంగతిని అంతగా ఎవరూ ఎత్తరు. తిరుపతి లాడ్జీల యజమానులైనా, చిత్తూరు కేబుల్ ఆపరేటర్లైనా, హాస్టల్ విద్యార్థులైనా నియంత్రణ సంస్థకు ఏదైనా రాయదలిస్తే ముందు అర్థం చేసుకోవాల్సింది దీన్నే.

మొదటి విడతలో జనానికి కోపం ఊరికే రాలేదు. 2014 డిసెంబర్‌లో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా డబ్బు వసూలు చేస్తామని ప్రకటించి, విమర్శలు రావడంతో నెలాఖరుకల్లా వెనక్కి తగ్గింది. 2015 ఏప్రిల్ 6న ఎయిర్‌టెల్ జీరో వచ్చింది. యాప్ కంపెనీ డబ్బు కడితే ఆ యాప్ వాడకం వినియోగదారుడి డేటాలోంచి పోదు. అందులో చేరబోయిన ఫ్లిప్‌కార్ట్ వారం తిరిగేసరికి తప్పుకుంది. ట్రాయ్ పత్రం మీద చర్చ నడుస్తున్న రోజుల్లోనే ఇదంతా జరగడంతో, అప్పటిదాకా పుస్తకాల్లో ఉన్న ‘నెట్ న్యూట్రాలిటీ’ రీచార్జి షాపుల దాకా వచ్చింది.

స్వచ్ఛంద కార్యకర్తలు నడిపిన సేవ్ ది ఇంటర్నెట్ ప్రచారంలోనూ జనం పంపినవి చాలావరకు రెడీమేడ్ ఉత్తరాలే. అందులో దాపరికం ఏమీ లేదు. కానీ ఆ ఉత్తరంలో 20 ప్రశ్నలకూ వరుసగా, కారణాలతో సహా జవాబులున్నాయి. పంపేవాళ్లు కావాలంటే మార్చుకోవచ్చు, కొందరు మార్చారు కూడా. ఎనిమిది నెలల తర్వాత ఫేస్‌బుక్ తన ఫ్రీ బేసిక్స్ (ఎంపిక చేసిన కొన్ని సైట్లనే డేటా ఖర్చు లేకుండా చూపే పథకం) కోసం నడిపిన ప్రచారం ఇందుకు భిన్నం. ఖాతాలోకి వెళ్లగానే ఒక నోటిఫికేషన్, దాని కింద ఒక బటన్, నొక్కితే ‘ఫ్రీ బేసిక్స్‌కు నా మద్దతు’ అనే ఉత్తరం ట్రాయ్‌కి వెళ్లిపోతుంది. ట్రాయ్ అడిగింది ఫ్రీ బేసిక్స్ గురించే కాదు. డేటా ధరలో తేడా అనుమతించాలా? అనుమతిస్తే వివక్ష లేకుండా ఏం చేయాలి? ఉచిత ఇంటర్నెట్ అందించడానికి వేరే దారులున్నాయా? ఇంకేమైనా చెప్పాలా? అడిగింది ఇవీ. ఈ ప్రశ్నలకు జవాబిమ్మని మద్దతుదారులకు చెప్పండని ట్రాయ్ ఫేస్‌బుక్‌ను కోరింది. చివరికి 2016 జనవరిలో, సంప్రదింపుల ప్రక్రియను సంఖ్యాబలంతో తేల్చే ఒపీనియన్ పోల్ స్థాయికి దించేశారని ఘాటుగా లేఖ రాసింది.

2016 ఫిబ్రవరి 8న వచ్చిన నిబంధనలు నాలుగైదు పేజీలకు మించవు. చూసే కంటెంట్‌ను బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టకూడదు. పెడితే రోజుకు 50 వేల రూపాయల చొప్పున, గరిష్ఠంగా 50 లక్షల దాకా జరిమానా. అత్యవసర సేవలకు ధర తగ్గించవచ్చు, ఆ సంగతి ఏడు పనిదినాల్లో ట్రాయ్‌కి తెలపాలి. అప్పటికే అమ్మిన ప్యాకులకు ఆరు నెలల గడువిచ్చారు. అప్పట్లో షాపుల్లో దొరికిన వాట్సాప్ ప్యాక్, ఫేస్‌బుక్ ప్యాక్ కనుమరుగు కావడానికి కారణం ఇదే. మూడు రోజులకు ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్‌ను దేశం నుంచి ఉపసంహరించుకుంది.

ఇది ధర సంగతి. వేగం సంగతి తేలడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. 2017 నవంబర్ 28న ట్రాయ్ సిఫార్సులు ఇచ్చింది, 2018 జులైలో కేంద్ర టెలికాం శాఖ ఆమోదించింది, ఆపై లైసెన్సు షరతుల్లో చేర్చారు. అడ్డుకోవడం, నెమ్మదింపజేయడం, నాణ్యత తగ్గించడం, ఒకరికి ప్రత్యేక వేగం ఇవ్వడం, నాలుగూ నిషేధం. కొండ మీద బ్రేక్ దర్శనం లైను తీసేసి అందరినీ ఒకే క్యూలో నిలబెట్టి, వృద్ధులకూ చంటిబిడ్డల తల్లులకూ మాత్రం పక్క దారి ఉంచినట్టు అనుకుంటే దాదాపు సరిపోతుంది. ఆ పక్క దారి పేరు ‘ప్రత్యేక సేవలు’, అంటే మామూలు ఇంటర్నెట్‌కు బయట, నాణ్యత తప్పనిసరిగా నిలబడాల్సిన సేవలు. దాన్ని ఎంత వెడల్పు చేయాలన్న దగ్గరే ఇప్పుడు 5జీ చర్చంతా నడుస్తోంది.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. ధరలో వివక్ష మీద ఫిర్యాదు ట్రాయ్ నిబంధన కిందికి వస్తుంది. అడ్డుకోవడం, నెమ్మదింపజేయడం లైసెన్సు ఉల్లంఘన కాబట్టి టెలికాం శాఖ కిందికి వస్తుంది. రెండింటినీ కలిపి రాసిన ఉత్తరం రెండు చోట్లా నలుగుతుంది.

నెట్ స్లో అయితే న్యూట్రాలిటీ పోయినట్టేనా?

ప్రజల కోపంలో ఎక్కువ భాగం అసలు నెట్ న్యూట్రాలిటీకి సంబంధించినది కాదు. ఉదయం 10 గంటలకు ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటా విడుదల కాగానే వెయిటింగ్ పేజీ తిరుగుతూ ఉంటుంది. ‘మా నెట్‌వర్క్ వాడు కావాలనే ఆపుతున్నాడు’ అనే మాట నెట్ సెంటర్లలో మామూలే. ఆ పేజీని చూపిస్తున్నది అవతలి సర్వరు. లక్షల మంది ఒకేసారి వచ్చినప్పుడు అది వంతులవారీగా లోపలికి పంపుతుంది. 40 ఎంబీపీఎస్ ఉన్నవారికీ 300 ఉన్నవారికీ వంతు ఒకటే.

రాత్రి 9 గంటలకు వీడియోలు ఆగి ఆగి రావడం ఇంకో సాధారణ ఫిర్యాదు. తిరుపతి బైరాగిపట్టెడలోనో భవానీనగర్‌లోనో అపార్ట్‌మెంటుకు ఫైబర్ ఇచ్చే పద్ధతి చూస్తే కారణం తెలుస్తుంది. ఆపరేటర్ దగ్గరుండే ఓఎల్‌టీ అనే ఫైబర్ పరికరంలో ఒక్కో పోర్టు నుంచి బయల్దేరిన పోగు స్ప్లిటర్ల ద్వారా 32 లేదా 64 ఇళ్లకు చీలుతుంది. ఇళ్లకు ఇలా ఫైబర్ పంచే సాధారణ పద్ధతి జీపాన్‌లో ఆ పోర్టు మొత్తానికీ దాదాపు 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్, 1.25 గిగాబిట్ల అప్‌లోడ్. 64 ఇళ్లకు తలా 100 ఎంబీపీఎస్ అమ్మితే కాగితం మీద 6.4 గిగాబిట్లు. అందరూ ఒకేసారి వాడరన్న నమ్మకంతోనే ఈ వ్యాపారం నడుస్తుంది. నిజానికి ఇరుకు చాలాసార్లు ఇక్కడ కూడా కాదు, ఆపరేటర్ పై సంస్థ నుంచి కొన్న బ్యాండ్‌విడ్త్ దగ్గర ఉంటుంది. అన్ని సైట్లూ ఒకే సమయంలో సమానంగా నెమ్మదిస్తే అది రద్దీ. వివక్ష కాదు. రద్దీ మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు, కాకపోతే అది సేవా నాణ్యత ఫిర్యాదు.

వివక్షను అనుమానించాలంటే ముందు మిగతా కారణాలను తోసిపుచ్చాలి. రూటర్ పక్కన పెట్టిన, ఫైబర్ తీగ వచ్చి చేరే ఓఎన్‌టీ బాక్సులో, సిగ్నల్ లేదని చెప్పే ఎల్ఓఎస్ లైటు ఎర్రగా వెలిగితే లైను తెగింది లేదా వంగింది, అంతటితో చర్చ ముగిసింది. ఎర్ర లైటు లేకుండానే వేగం పడిపోతుంటే, లైన్‌మన్‌ను పిలిచి పవర్ మీటరుతో కాంతి స్థాయి చూడమనాలి. మైనస్ 27 డీబీఎం కంటే కిందికి పోతే మామూలు జీపాన్ బాక్సు నిలకడగా పనిచేయదు. కనెక్టర్‌లో దుమ్ము, స్తంభం మీద బిగుతుగా మెలిపెట్టిన తీగ, వానాకాలంలో నీళ్లు దిగిన జాయింట్ బాక్సు ఇందుకు మామూలు కారణాలు. తర్వాత వైఫై పక్కన పెట్టి లాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలిపి కొలవాలి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద, మూడు గోడల అవతల, ఫోన్లో కొలిచిన అంకె ఏ ఫిర్యాదుకూ ఆధారం కాదు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఫైలు సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి దిగదన్నదీ గుర్తుండాలి. ఈ బిట్లు, బైట్ల తికమకతోనే ఎన్నో ఫిర్యాదులు మొదటి మెట్టులోనే కొట్టుకుపోతాయి. నెల కోటా దాటి వేగం తగ్గిందేమో ప్లాన్ వివరాల్లో చూసుకోవడమూ అవసరమే.

అప్పుడు రెండు రకాల కొలతలు తీయాలి. మామూలు స్పీడ్ టెస్ట్ దగ్గర్లోని సర్వరును ఎంచుకుంటుంది, తరచుగా అది ఆపరేటర్ సొంత సర్వరే. అక్కడ అంకె ఎప్పుడూ అందంగానే ఉంటుంది. ఫాస్ట్ డాట్ కామ్ నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచి కొలుస్తుంది. మొదటిదాంట్లో 95, రెండోదాంట్లో 6 వస్తుంటే వెతకాల్సిన జాడ దొరికినట్టే. ఇదే పరీక్ష ఉదయం 7కీ రాత్రి 9కీ వారం పాటు చేసి స్క్రీన్‌షాట్లు దాచాలి. తర్వాత వీపీఎన్ (డేటాను ఇంకో సర్వరు మీదుగా పంపే సాధనం) పెట్టి చూడాలి. మామూలుగా నెమ్మదిగా ఉన్న సైటు వీపీఎన్‌లో వేగంగా వస్తే అనుమానం బలపడుతుంది. అయినా తీర్పు చెప్పేయకూడదు. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఆపరేటర్ పెద్ద నెట్‌వర్కులతో కలిసే చోట ఒక దారి ఇరుకై ఉంటే, వీపీఎన్ ఇంకో దారిన పోయి వేగంగా కనిపించవచ్చు. అదే సైటును వేరే కంపెనీ మొబైల్ డేటాలోనూ చూసి, డేటా ఏ దారిన పోయిందో చూపే ట్రేస్‌రూట్ కూడా జతచేస్తే ఫిర్యాదు బలంగా ఉంటుంది.

యూట్యూబ్ చకచకా వచ్చి చిన్న వార్తా సైటు నత్తనడకన రావడం పైకి వివక్షలాగే కనిపిస్తుంది. పెద్ద కంపెనీలు తమ వీడియోలను ఆపరేటర్ల నెట్‌వర్కుల్లోనే క్యాష్ సర్వర్లలో దాచుకుంటాయి, దూరం తగ్గి వేగం పెరుగుతుంది. ఈ కంటెంట్ డెలివరీ నెట్‌వర్కులను 2018 నియమావళి తన పరిధి నుంచి తప్పించింది. సాంకేతికంగా అది సబబే. చిన్నవాడికి మాత్రం డబ్బుతో కొన్న వేగం డబ్బుతో కొన్న వేగంలాగే కనిపిస్తుంది. ఆ నొప్పికి నిబంధనల్లో మందు లేదు.

ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో ఇంకో విచిత్రం. నెట్ పడకేసినా టీవీ మాత్రం ఆడుతూనే ఉంటుంది. 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా మొదలైన ఈ పథకంలో ఇంటర్నెట్, టీవీ, ఫోన్ ఒకే తీగలో వస్తాయి, కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన తీగను స్థానిక కేబుల్ ఆపరేటరే ఇంటికి కలుపుతాడు. ఈ టీవీ ప్రసారం (ఐపీటీవీ), ఆపరేటర్ సొంత నెట్‌వర్కులో నడిచే సేవ, బయటి ఇంటర్నెట్ కాదు. ఇలాంటి మూసి ఉన్న నెట్‌వర్కులను 2016 నిబంధనలు కూడా మినహాయించాయి, నిబంధనను తప్పించుకోవడానికి వాడనంత వరకు.

లాడ్జీ వైఫైలో వీడియో సైట్లు రాకపోయినా, హాస్టల్‌లో ఇన్‌స్టాగ్రామ్ ఆపేసినా అది కూడా నెట్ న్యూట్రాలిటీ ఉల్లంఘన కాదు. నిబంధన లైసెన్సు ఉన్న సేవాసంస్థలకే వర్తిస్తుంది. 40 గదుల లాడ్జీలో ఒకే 200 ఎంబీపీఎస్ లైను పెట్టి రూటర్‌లో ఆంక్షలు విధించే మేనేజరు చందాదారుడే తప్ప సేవాసంస్థ కాదు. అలాగే ప్రభుత్వ ఆదేశం, కోర్టు ఉత్తర్వుల మీద సైట్లు ఆపడం కూడా మినహాయింపే. 2022 మేలో కోనసీమలో ఇంటర్నెట్ నిలిపివేసినప్పుడు కొందరు దీన్ని నెట్ న్యూట్రాలిటీ ప్రశ్నగా మాట్లాడారు. నిజానికి అది టెలికాం సేవల నిలిపివేత నిబంధనల కిందికి, 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కిందికి వచ్చే వ్యవహారం.

ఆనాటి ఆవేశం ఎటు పోయింది?

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చాక డేటా ధర కూలిపోయింది. ఉచితంగా ఒక యాప్ ఇస్తామంటే ఆశపడే అవసరం పోయింది, దానితోపాటే ఆ చర్చ మీద ఆసక్తీ పోయింది. ఇప్పుడు అదే కోరిక ఇంకో రూపంలో వస్తోంది: రీచార్జితోనో బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌తోనో పది పదిహేను వీడియో ఓటీటీల చందా. డేటా లెక్క అన్నిటికీ ఒకటే కాబట్టి ఇది 2016 నిబంధనకు తగలదు. రోజుకు 2 జీబీ ప్లాన్‌లో ఆ ఓటీటీ చూసినా డేటా ఖర్చవుతుంది. అక్షరం నిలబడింది, ఉద్దేశం కొంత పక్కకు జారిందనే చెప్పాలి. జట్టులో లేని చిన్న తెలుగు ఓటీటీకి ఇది ఆనాటి జీరో పథకం కంటే గొప్ప మేలు ఏమీ చేయదు.

2024 జులైలో మూడు ప్రైవేటు సంస్థలూ రేట్లు పెంచినప్పుడు జనం ట్రాయ్‌కి రాయలేదు, నంబర్లు మార్చుకున్నారు. ఆ నెల బీఎస్ఎన్ఎల్‌కు చందాదారులు పెరిగి మిగతా ముగ్గురికీ తగ్గారు. రేటు ఎంత ఉండాలో నిర్ణయించే స్వేచ్ఛ కంపెనీలకే వదిలిన విధానంలో ఇది తెలివైన పనే. ట్రాయ్ అడ్డుకునేది వివక్షను, ధర ఎక్కువ కావడాన్ని కాదు.

అమెరికాలో జరిగింది మనకు హెచ్చరిక. అక్కడి నియంత్రణ సంస్థ 2015 ఫిబ్రవరిలో నెట్ న్యూట్రాలిటీ నిబంధనలు తెచ్చి 2017 డిసెంబర్‌లో ఎత్తేసింది. ఎత్తేసేముందు 2.2 కోట్ల వ్యాఖ్యలు వచ్చాయి. న్యూయార్క్ అటార్నీ జనరల్ 2021లో విడుదల చేసిన దర్యాప్తు నివేదిక ప్రకారం వాటిలో దాదాపు 1.8 కోట్లు నకిలీ. 85 లక్షలు బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల డబ్బుతో పుట్టినవైతే, 77 లక్షలు 19 ఏళ్ల విద్యార్థి ఒక్కడే న్యూట్రాలిటీకి అనుకూలంగా పుట్టించినవి. 2024లో నిబంధనలు మళ్లీ తెచ్చినా 2025 జనవరి 2న అప్పీలు కోర్టు కొట్టేసింది, జనాభిప్రాయంతో నిమిత్తం లేకుండా, సంస్థకు ఆ అధికారం చట్టం ఇవ్వలేదన్న కారణంతో.

మన దగ్గర మళ్లీ లేస్తున్న ప్రశ్న ఇంకోటి. భారీగా డేటా పంపే యాప్ కంపెనీలు నెట్‌వర్క్ ఖర్చులో వాటా కట్టాలని టెలికాం సంస్థలు అడుగుతున్నాయి. 2023 జులై 7న ట్రాయ్ ఓటీటీలపై పత్రం విడుదల చేసినప్పుడు ఈ వాదన గట్టిగా వినిపించింది. దక్షిణ కొరియాలో నెట్‌వర్క్ ఫీజుల భారం మోయలేమంటూ లైవ్ వీడియో సైటు ట్విచ్ 2024 ఫిబ్రవరిలో ఆ దేశం నుంచి వెళ్లిపోయింది. యాప్ కంపెనీ కట్టిన వాటా చివరికి చందాలోనే తేలుతుంది. ఈ విషయంలో తిరుపతి నుంచి చెప్పదగిన మాటలు చాలా ఉన్నాయి. చిన్న కేబుల్ ఆపరేటర్‌కు ఆ వాటాలో ఏమైనా వస్తుందా? లేక పెద్ద సంస్థలకు అదనపు ఆదాయం, అతనికి అదనపు పోటీ మిగులుతాయా?

రాసేవారికి పద్ధతి ఇదీ. ట్రాయ్ వెబ్‌సైట్‌లో పత్రం వచ్చాక వ్యాఖ్యలకు సాధారణంగా నాలుగు వారాలు, ప్రతివ్యాఖ్యలకు రెండు వారాలు ఇస్తారు. పత్రం ఇంగ్లీషులో, వంద పేజీల పైన ఉండవచ్చు. మొత్తం చదవలేకపోతే చివరి అధ్యాయంలోని ప్రశ్నలు తీసుకుని వాటికి సంబంధించిన పేరాలే చదవవచ్చు. అన్ని ప్రశ్నలకూ జవాబివ్వనక్కర్లేదు. రెండింటికైనా ప్రశ్న నంబరు వేసి, జవాబు, కారణం, ఆధారం అన్న వరుసలో రాస్తే చాలు. ఆధారం అంటే ప్లాన్ పేరు, ధర, కొలిచిన వేగం, తేదీ, సమయం. పత్రంలో పేర్కొన్న అధికారి ఈమెయిల్‌కు వర్డ్ ఫైలుగా పంపితే ఎత్తి రాసుకోవడం వాళ్లకు తేలిక. తర్వాత జరిగే బహిరంగ చర్చలో పాల్గొనే వీలూ ఉంటుంది.

పంపిన వ్యాఖ్యలు వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి. 2015లో ట్రాయ్ లక్షల మంది ఈమెయిల్ చిరునామాలను అలాగే బయటపెట్టి విమర్శలపాలైంది. స్క్రీన్‌షాట్లలో ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, కస్టమర్ ఐడీ ఉంటే వాటిని చెరిపి పంపాలి.

సొంత కనెక్షన్ గొడవను సంప్రదింపు పత్రానికి జవాబుగా పంపితే ప్రయోజనం లేదు, ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులు విచారించదు. ముందు కంపెనీ కాల్ సెంటర్‌లో చెప్పి డాకెట్ (ఫిర్యాదు) నంబరు తీసుకోవాలి. తేలకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి, అక్కడ 39 రోజుల్లో తేల్చాలి. ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం ఫిర్యాదులు ఈ కమిషన్లు విచారించవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. కుప్పం, నగరి, సత్యవేడు లాంటి సరిహద్దు ఊళ్లలో ఫోను పక్క రాష్ట్రం టవరు పట్టుకోవడం సహజం కాబట్టి, మొబైల్ ఫిర్యాదులో ఆ సమయంలో ఏ సర్కిల్ నెట్‌వర్క్ కనిపించిందో కూడా రాసి ఉంచుకోవాలి.

ఇక సామాన్యులు దాదాపుగా ముట్టుకోనిది ప్రతివ్యాఖ్యల దశ. పెద్ద కంపెనీల జవాబులన్నీ అప్పటికి వెబ్‌సైట్‌లో ఉంటాయి. వాటిలో ఒక్క వాదన తీసుకుని, ‘ఫలానా సంస్థ ఫలానా పేజీలో ఇలా అంది, తిరుపతిలో కొలిచిన వారం రోజుల లెక్క ఇలా ఉంది’ అని రెండు పేజీలు రాసి పట్టిక జతచేస్తే సరిపోతుంది. అందుకు రెండు వారాలు చాలు, కొలతలు ముందే తీసి పెట్టుకుని ఉంటే.